ఎవరూ ఆడని నాటకాలు మేం పాడుకున్నాం

మా నల్లగొండ దిక్కు నాటకమంటే జనం నోట మూడు మాటలే వచ్చేవి: పడక సీను, రాయబారం, కాటిసీను. మొదటి రెండూ తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాల్లోవి, మూడోది హరిశ్చంద్ర నాటకంలోది. జాతర పందిరైనా, గణపతి నవరాత్రులైనా ఈ మూడింట్లో ఒకటి పడాల్సిందే. పాడేవాళ్లు గొప్పగా పాడేవాళ్లు, కాదనను. గుక్క తిప్పుకోకుండా రాగం నిలబెడితే కింద నుంచి వన్స్‌మోర్ అని కేకలు. అప్పుడు హరిశ్చంద్రుడు కన్నీళ్లు తుడుచుకుని, హార్మోనియం వైపు ఒకసారి చూసి, అదే పద్యం ఎత్తుకుని మళ్లీ ఏడ్చేవాడు. చిన్నప్పుడు నాకు అది చూస్తే నవ్వొచ్చేది.

మిగతా నాటకం ఏమైందని ఎవరూ అడిగేవారు కాదు. కథ అందరికీ తెలిసిందే కాబట్టి చూడాల్సిన పని లేదనుకునేవారేమో. ఇక ఇలాంటి పేరున్న సీను ఒక్కటీ లేని నాటకాల సంగతి చెప్పక్కర్లేదు. పుస్తకాలుగా ఎక్కడో పడి ఉండేవి, అంతే.

మా నాయనకు ఆ పుస్తకాల పిచ్చి. ఆయన ఒక ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా. హైదరాబాద్ పోయిన ఆదివారమల్లా ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద గొంతుకూర్చుని పాత పుస్తకాలు ఏరుకొచ్చేవాడు. మాఘమాసంలో చెరువుగట్టు జాతరకు పోతే మేం గాజుల దుకాణాల దగ్గర, ఆయన పుస్తకాలు పరిచిన పట్టా దగ్గర. పల్లెల్లో బాగోతంగా ఆడే పాటల నాటకాలు, అంటే యక్షగానాలు, అక్కడే దొరికేవి. ముతక కాగితం, లోపల బోలెడు అచ్చుతప్పులు, పైన మాత్రం రంగుల అట్ట. చెర్విరాల భాగయ్య కవి రాసినవి చాలా ఉండేవి. బాగోతం ఆడే పల్లెల్లో ఆ పేరు బాగా తెలుసు. నేను డిగ్రీలో చదువుకున్న సాహిత్య చరిత్రలో మాత్రం ఎక్కడా కనబడలేదు.

1990ల చివర, నేను ఎన్జీ కాలేజీలో డిగ్రీ చదివే రోజుల్లో, రామగిరిలోని మా అద్దె ఇంట్లో శనివారం రాత్రుల పాట మొదలైంది. దానికి పేరు లేదు. ‘ఈ శనివారం ఉందా?’ అంటే అందరికీ అర్థమయ్యేది. మా నాయన పెట్టిన షరతు ఒక్కటే. ఎవరూ ఆడని నాటకం తీసుకోవాలి, ప్రార్థన నుంచి మంగళం దాకా కూర్చుని పాడాలి. నచ్చిన పద్యం దగ్గర ఆగి రెండోసారి పాడటం, నచ్చని వచనం ఎగరగొట్టడం కుదరదు. ఆ మూడు సీన్లు మా ఇంట్లో నిషేధం. తెర లేదు, రంగు లేదు, టికెట్ కొని విన్నవాడెవడూ లేడు. వచ్చినవాళ్లంతా పాడాలి. పాట రానివాళ్లు వంత కలపాలి.

హార్మోనియం మాస్టర్ లేకపోతే ఇదేదీ నడిచేది కాదు. పగలు మిషన్ కుట్టే దర్జీ. వయసులో ఉన్నప్పుడు నకిరేకల్ చుట్టుపక్కల ఊళ్లు తిరిగి నాటకాలు నేర్పినవాడు. అప్పట్లో అది ఒక బతుకుదెరువు. యాసంగి పనులు అయ్యాక ఊరివాళ్లు మాస్టర్‌ను పిలిపించుకుని, ఇల్లు చూపించి, నెలల తరబడి అన్నం పెట్టి నాటకం నేర్చుకునేవారు. ఆయనకు అక్షరం కంటే ముందు వరుస వచ్చేది. పుస్తకంలో నాలుగు పాదాలు చదివి వినిపిస్తే కళ్లు మూసుకుని పెట్టె మీద వేళ్లు నడిపించేవాడు. ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా హార్మోనియంను లోపలికి రానివ్వలేదన్న సంగతి మా నాయన చెబితే ఆయన పెద్దగా పట్టించుకోలేదు. ‘వాళ్లకు మంచి పెట్టె దొరకలేదేమో సారూ’ అన్నాడు.

రిటైరైన తెలుగు పండితుడు ఒకాయన వచ్చేవాడు, మేం పంతులు సారు అనేవాళ్లం. ఛందస్సు ఆయన బాధ్యత. కల్వకుర్తి నుంచి వచ్చి నల్లగొండలో స్థిరపడిన ఆర్టీసీ కండక్టర్ ఒకడు, మాకు కండక్టరన్న. గొంతు ఎంత పెద్దదంటే రౌద్రం ఉన్న వేషాలన్నీ అడగకుండానే ఆయనకు పోయేవి. పక్క వీధి టీచరక్క. ఆమె వస్తుంది కాబట్టే నన్నూ కూర్చోనిచ్చారు, లేకపోతే చాయ్ అందించడం దగ్గరే ఆగిపోయేదాన్ని. మా అమ్మ వంటింటి గడప మీద కూర్చుని పల్లీలు ఒలుస్తూ వినేది.

పుస్తకం ఒక్కటే ఉండేది కాబట్టి శుక్రవారం నాడు గడియారం సెంటర్ దగ్గర జిరాక్స్ తీయించడం నా పని. పాత కాగితం మిషన్‌లో పెడితే అంచులు విరిగి రాలేవి, దుకాణం అబ్బాయి విసుక్కునేవాడు. దరువులు, అంటే పాత్రలు పాడే పాటలు, ఉన్న పేజీలు మాత్రమే అందరికీ, వచనం ఉన్నవి ఇద్దరికి ఒకటి.

ఏ నాటకమైనా మొదట ‘పరబ్రహ్మ పరమేశ్వర’ ప్రార్థన పాడేవాళ్లం. తెలుగు రంగస్థలం మీద ఆ ప్రార్థన వినబడని ఊరు తక్కువ. అది రాసింది ఖమ్మం జిల్లా జక్కేపల్లికి చెందిన చందాల కేశవదాసు అని పంతులు సారు చెప్పేదాకా మాలో ఒక్కరికీ తెలియదు. మాస్టర్‌కు కూడా తెలియదు, ఆయన దాన్ని జీవితమంతా వాయించాడు. 1932లో వచ్చిన తొలి తెలుగు టాకీ భక్తప్రహ్లాదకు పాటలు రాసింది కూడా కేశవదాసే. పక్క జిల్లా మనిషి.

అసలు చిక్కు వరుసల దగ్గర వచ్చేది. పాత పుస్తకాల్లో దరువు పైన రాగం, తాళం వేసి ఉంటాయి. కొన్నిచోట్ల రాగం ఉండదు, ‘ఫలానా పాట వరుస’ అని మాత్రం ఉంటుంది. రాసిన రోజుల్లో ఆ ఫలానా పాట అందరి నోటా ఆడుతుండేది కాబట్టి కవికి అంతకంటే చెప్పాల్సిన పని లేకపోయింది. మా దగ్గరికి వచ్చేసరికి ఆ పాటే పోయింది. తాళం చెవి పోయిన పెట్టెలా దరువు చేతిలో ఉంటుంది, తెరుచుకోదు. అప్పుడు పంతులు సారు తొడ మీద వేళ్లతో మాత్రలు లెక్కపెట్టేవాడు. మాస్టర్ తనకు తెలిసిన భజన వరుసలు ఒక్కొక్కటే వేసి చూసేవాడు. పాదం చివర రెండు అక్షరాలు మిగిలిపోతే అది కాదని ఇంకొకటి. ఒకసారి మగవాళ్లంతా అలా తంటాలు పడుతుంటే టీచరక్క చప్పట్లు వేస్తూ దాన్ని బతుకమ్మ పాటలాగా పాడేసింది. అతికినట్టు సరిపోయింది. మాస్టర్ పెట్టె ఆపి, ‘ఇది ముందే చెప్పొచ్చు కద టీచరమ్మా’ అన్నాడు. ‘మీరు అడిగిన్రా?’ అందామె.

కండక్టరన్న తెచ్చే వరుసలు వేరే రకం. పాలమూరు దిక్కు కిన్నెర అనే తీగల వాయిద్యం వాయిస్తూ, జానపద వీరుడు పండుగ సాయన్న కథ పాడేవాళ్ల దగ్గర విన్నవి. 2022లో కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్యకు పద్మశ్రీ వచ్చాక కిన్నెర బొమ్మ పేపర్లలో చూసి చాలామంది ఆశ్చర్యపోయారు. మాకు ఆ ఎత్తుగడ బస్సు ఈలలాగా ఎప్పుడో అలవాటైపోయింది.

యక్షగానాల్లో నాకు బాగా గుర్తుండిపోయింది అల్లీరాణి. కథ తమిళ దేశం నుంచి వచ్చింది. మధురను ఏలిన రాణి, మగవాడి మాట చెల్లనివ్వనిది. అర్జునుడు ఆమె మీద మనసుపడి మాయోపాయాలతో పెళ్లాడతాడు. అల్లి వేషం టీచరక్కది. అంతకుముందు ఎప్పుడూ ఆమె గొంతులో వినని బిగువు ఆ దరువుల్లో వచ్చింది. బాగోతాల్లో ఆడవేషం మగవాళ్లే కట్టడం చూసి పెరిగిన మాకు, అల్లి మాటలు ఒక ఆడమనిషి నోట వినడం కొత్తగా ఉండింది. కండక్టరన్న అర్జునుడు. ఆయన సవాలు దరువు ఎత్తుకుంటే ఆమె జవాబు దరువు ఆయన పూర్తి చేయకముందే అందుకునేది, మాస్టర్ వేళ్లు ఇద్దరి వెంట పరుగెత్తేవి.

చివరికి అల్లి లొంగిపోయే భాగం వచ్చింది. టీచరక్క కాగితం కింద పెట్టేసింది. ‘ఇంత సేపు కత్తి పట్టుకున్న మనిషి ఇట్ల అంటదా? నేను పాడ’ అంది. పంతులు సారు షరతు గుర్తుచేశాడు. మంగళం దాకా పాడాల్సిందే. అర్ధగంట వాదన జరిగింది, మా అమ్మ కూడా పల్లీల చాట పక్కన పెట్టి అందులో దిగింది. ఆఖరుకు టీచరక్క పాడింది. పాడిందంటే ముక్తసరిగా, చిట్టా చదివినట్టు, రాగాన్ని తిప్పే సంగతి ఒక్కటి కూడా వేయకుండా. మంగళం వేళకు నీళ్లు తాగొస్తానని లోపలికి పోయింది. ఆ నాటకంలో అంత తగువు పెట్టే శక్తి ఉందని పుస్తకం చదివినప్పుడు నాకు అనిపించనే లేదు. చదివినప్పుడు అది పాతకాలపు మూటగా కనిపించింది, అంతే.

సుగ్రీవ విజయం సంగతి ఇంకో తీరు. కందుకూరి రుద్రకవి పేరు తెలుగు చదివినవాళ్లందరికీ తెలుసు, రెండు మార్కుల ప్రశ్న కదా. 16వ శతాబ్దం, ఇప్పుడు దొరుకుతున్న తెలుగు యక్షగానాల్లో మొదటిది అని రాసి వచ్చేస్తాం. నేనూ అట్లాగే రాశాను. దాన్ని ఎవరైనా పాడగా విన్నవాళ్లు మా కాలేజీలో ఒక్కరు లేరు. పంతులు సారు ఒక పాత ప్రతి సంపాదించాడు. చిన్న పుస్తకం, ఒక్క రాత్రిలో అయిపోతుంది. అందులో కళ్లకు కనిపించేది పద్యంలాంటి పాదాలే కానీ, పైన జంపె, త్రిపుట అని తాళం పేరు వేసి ఉన్నచోట నడక మారుతుంది. జంపె అంటే మూడూ రెండూ, తకిట తక. త్రిపుట అంటే మూడూ నాలుగూ, తకిట తకధిమి. పంతులు సారు ఆ రాత్రి పాఠం చెప్పలేదు, తాళం వేశాడు. ఆ తాళం మీద వాలి సుగ్రీవుల యుద్ధం పాడుతుంటే నాలుగు వందల ఏళ్ల కిందటి మాటలు ఎక్కడా తడబడలేదు. అర్థం కాని మాటలు ఉన్నాయి, అవి కూడా తాళానికి సరిగ్గా వచ్చి పడ్డాయి.

వాలి కూలాక తార శోకం. టీచరక్క ఆ వారం రాలేదు. నాకు భయం. మా నాయన వంటింటి వైపు చూసి, ‘నువ్వు పాడరాదు?’ అన్నాడు. అమ్మ చదువు ఐదో తరగతి. కాగితం అందుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, ముందు మెల్లగా కూడబలుక్కుంది. తర్వాత రాగం ఎత్తుకుంది. అది ఏ పుస్తకంలోని రాగమూ కాదు. మా ఊళ్లో మనిషి పోతే ఆడవాళ్లు శవం మీద పడి గుణాలు చెప్పుకుంటూ తీసే శోకం వరుస. తార రాముణ్ని నిలదీస్తుంటే మాస్టర్ శ్రుతి ఒక్కటి పట్టి వదిలేశాడు, వాయించలేదు. ఇంతలో వీధి తలుపు దబదబ బాదారు. పక్కింటి పెద్దమ్మ, ఆమె కోడలు, ఎదురింటి ఆయన లుంగీతోనే. ‘ఏమైంది? ఎవరు?’ అని లోపలికి దూసుకొచ్చారు. వాలి అని చెప్పడానికి మా నాయనకు నోరు రాలేదు. విషయం తెలిశాక పెద్దమ్మ తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. తిట్టి, అక్కడే కూర్చుంది. అమ్మను మళ్లీ మొదటి నుంచి పాడమంది. మా ఇంట్లో వన్స్‌మోర్ పడిన ఒకే ఒక్క సందర్భం అది. షరతు గురించి ఎవరూ మాట్లాడలేదు.

అన్నీ ఇట్లా ఉండేవనుకోకండి. ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారి చిత్రనళీయం కోసం మా నాయన ఎంతో ఎదురుచూశాడు. బళ్లారిలో 1887లో ఆడిన నాటకం, తెలుగు నాటకంలో పాటకు చోటిచ్చిన మహానుభావుడు, ఆంధ్ర నాటక పితామహుడు అని మాకు వారం ముందు నుంచే ఊదరగొట్టాడు. కూర్చున్నాం. గంట గడిచింది. సమాసం మీద సమాసం, పాత్ర నోరు తెరిస్తే మూయదు. కండక్టరన్న మొదట ఆవులింతలు దాచుకున్నాడు, తర్వాత దాచుకోలేదు. అడవిలో నలుడు దమయంతిని విడిచిపోయే చోట మాత్రం పాటలు బాగా పట్టుకున్నాయి, అక్కడ అందరం నిటారుగా కూర్చున్నాం. అది దాటాక మళ్లీ అదే. కొన్నిటిని లోకం పక్కన పెట్టడంలో తప్పేమీ లేదని నాకు ఆ రాత్రి అనిపించింది, ఇప్పటికీ అదే అభిప్రాయం. మా నాయన ఒప్పుకోలేదు. ఒక్క రాత్రిలో అవదు, వారాల మీద పాడాలి అని వాదించేవాడు.

కండక్టరన్న ఒకసారి నార్కట్‌పల్లి దిక్కు నుంచి చిందు బాగోతం ఆడే ఒక పెద్దాయనను వెంటబెట్టుకొచ్చాడు. మేం పాడుతున్న యక్షగానం ఆయన ఎన్నోసార్లు వేషం కట్టి ఆడినది. పుస్తకం ముట్టలేదు, చదువు రాదు. మేం కష్టపడి బతుకమ్మ వరుసలోకి దింపిన దరువు విని నవ్వాడు. అసలు వరుస ఇదీ అని పాడాడు. మాస్టర్ వెంటనే పెట్టె మీద పట్టుకోబోతే ఆయన ఆపి, ‘కాలు లేవకుంట బాగోతం ఎట్లయితది సారూ?’ అన్నాడు. లేచి నిలబడి, గజ్జెలు లేకుండానే, ఆ దరువుకు అడుగు ఎట్లా పడాలో చూపించాడు. అప్పుడు అర్థమైంది, పాదం చివర మాకు ఎప్పుడూ మిగిలిపోతున్న ఆ రెండు అక్షరాలు మనిషి తిరగడానికి వదిలిన చోటు.

ఆయన మాటల్లోనే తెలిసింది, కిరీటాలు, భుజకీర్తులు పొనికి కర్రతో చెక్కుతారని, తేలిగ్గా ఉంటుంది కాబట్టి తెల్లవార్లూ మోయగలుగుతారని, ముఖానికి అర్దళం అనే పసుపు రంగు పొడి పూస్తారని. మాకు శనివారం రాత్రి సరదా, ఆయనకు అది కూడు. ఆ సంగతి ఆయనే అన్నాడు, నిష్ఠూరంగా కాదు, లెక్క చెప్పినట్టు. ఊళ్లో టీవీలు వచ్చాక ఏడాదికి ఆటలు ఎంత తగ్గాయో చెప్పాడు. పెద్దాయన వెళ్లేటప్పుడు మా నాయన ఆయన చేతిలో డబ్బులు పెట్టాడు, ఆయన తీసుకున్నాడు. చిందు యక్షగానానికి జనగామ దిక్కు గడ్డం సమ్మయ్య గారికి 2024లో పద్మశ్రీ ప్రకటించిన రోజు నాకు మొదట గుర్తొచ్చింది ఆ అడుగే.

శనివారాలు ఒక్కసారిగా ఆగిపోలేదు. పంతులు సారు కొడుకు దగ్గరికి హైదరాబాద్ పోయాడు. టీచరక్కకు బదిలీ. నాకు పెళ్లి. మాస్టర్‌కు చెవులు మందగించాయి, శ్రుతి వినబడటం లేదని ఆయనే రావడం మానేశాడు. కొన్నాళ్లు మా నాయన, కండక్టరన్న ఇద్దరే కూర్చుని పాడుకున్నారట. అప్పుడు మొదలుపెట్టింది కేశవదాసు కనకతార. రాజ్యం పోగొట్టుకున్న ఇద్దరు రాచబిడ్డల కథ, 1937లోనూ 1956లోనూ సినిమాగా వచ్చింది. ప్రార్థన రాసినాయన నాటకం ఇంతవరకు ముట్టలేదని మా నాయనకు పట్టుదల. ఇద్దరితో అది నడవలేదు, ఒకరు పిల్లలు, ఒకరు మిగతా అందరూ అయితే ఎట్లా నడుస్తుంది? సగంలో ఆగింది.

నాయన పోయాక పుస్తకాలు నా దగ్గరికి వచ్చాయి. కొన్నిటికి చెదలు పట్టింది. మిగిలినవాటిని నేనే ఫోన్‌లో ఫొటోలు తీసి మా పాత బృందంలో ఉన్నవాళ్లకు పంపాను. కండక్టరన్న రిటైరయ్యాడు, దేవరకొండ రోడ్డులో ఇల్లు కట్టుకున్నాడు. మొన్న ఫోన్ చేశాడు. ‘ఫోన్ల చూసి పాడుడు నాతోని అయితలేదు బిడ్డా. అక్షరం పెద్దగ చేస్తే దరువు సగమే కనబడుతది, చిన్నగ చేస్తే అసలే కనబడదు. జిరాక్స్ తీయించి పంపు’ అన్నాడు. తీయించాను. ఇప్పుడు గడియారం సెంటర్ దాకా పోనక్కర్లేదు, మా వీధిలోనే ఉంది.

దసరా సెలవులకు కూర్చుందామని అనుకున్నాం. టీచరక్క సూర్యాపేట నుంచి వస్తానంది, మనవరాలిని తెస్తుందట. ఆ పిల్లకు పాట వచ్చు కాబట్టి రాచబిడ్డల్లో ఒకరి వేషం తేలింది. ఆగినచోటు నుంచి ఎత్తుకుందామా, మొదటి నుంచా అన్నది కూడా తేలింది: మొదటి నుంచే, షరతు షరతే. హార్మోనియం మాత్రం ఇంకా దొరకలేదు. కండక్టరన్న మేనల్లుడు కీబోర్డు వాయిస్తాడట, సరేనందామా అంటే టీచరక్క ఒప్పుకోవడం లేదు.